నగరదీపంలో నూనె ఎవరిది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం - ఈ మూడు ఊళ్ళనూ పటం మీద గీతలతో కలిపి చూడండి. ఈ సీమకు పడమట బెంగుళూరు, తూర్పున చెన్నై, దక్షిణాన కృష్ణగిరి. ఇరవయ్యో శతాబ్దపు చివర, ఇరవై ఒకటో శతాబ్దపు ఆరంభంలో ఈ మూడు దిక్కులా మూడు విద్యుత్కేంద్రాలు లేచాయి. బెంగుళూరు పొలిమేరలోని యలహంకలో 1993-94 ప్రాంతంలో ఆరు యూనిట్లతో సుమారు 128 మెగావాట్ల కేంద్రం. ఉత్తర చెన్నైలోని బేసిన్ బ్రిడ్జి వద్ద 1999 నాటికి నాలుగు యంత్రాలతో 200 మెగావాట్ల కేంద్రం. ఇప్పటి కృష్ణగిరి జిల్లా సామల్‌పట్టిలో 2001లో 105 మెగావాట్ల పైచిలుకు కేంద్రం. మూడింటిలోనూ బొగ్గు లేదు, జలపాతం లేదు. మూడూ నూనెను మండించి కరెంటు తీసేవే. అనగా, డీజిల్ పద్ధతి కేంద్రాలు.

ఆ వెలుగుల మధ్య వున్న మన పల్లెల్లో మాత్రం రైతు అర్ధరాత్రి లేచి, త్రీఫేజు ఎప్పుడు వస్తుందా అని స్టార్టరు పెట్టె దగ్గర కాపు కాశాడు. మన భాషలో కరెంటు 'వస్తుంది', 'పోతుంది'. చుట్టాన్ని గురించి మాట్లాడినట్టే మాట్లాడతాం. వర్షాన్ని గురించి కూడా అలాగే అంటాం. వర్షం మనిషి చేతిలో లేదు, నిజమే. కరెంటు అలా కాదు గదా! దాన్ని మనుషులే పుట్టిస్తారు, మనుషులే పంచుతారు, మనుషులే ఆపుతారు. ఎవరు, ఎవరికోసం, ఎవరి ఖర్చుతో అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

1. ముందు బంగారానికి, తరువాత నగరానికి

ఈ కథ డీజిల్‌తో మొదలు కాలేదు. కావేరి నదిమీద శివసముద్రం జలపాతం దగ్గర మైసూరు సంస్థానం కట్టిన జలవిద్యుత్కేంద్రం 1902 జూన్‌లో పనిచేయనారంభించింది. అక్కడినుంచి కోలారు బంగారు గనులకు సుమారు 147 కిలోమీటర్ల పొడవున తీగలు వేశారు. ఆ కాలానికి ప్రపంచంలోనే అతి పొడవైన విద్యుత్ మార్గాలలో అదొకటి. దివాను శేషాద్రి అయ్యర్ ఈ పథకానికి పూనుకొన్నాడుగాని, అది పూర్తికాకముందే 1901లో మరణించాడు. ఈ కరెంటుకు తొలి ఖాతాదారు ఎవరు? ఇంగ్లండుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ నడుపుతున్న గనులు. బెంగుళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది మూడేళ్ళ తరువాత, 1905 ఆగస్టులో.

కోలారు గనులు కుప్పానికి ఎంతో దూరాన లేవు. ముప్పై నలభై కిలోమీటర్లు. ఆ బంగారపు రాతిపొర రాష్ట్రాల హద్దు ఎరుగదు. అది కుప్పం సీమలోకీ సాగింది. బిసానత్తం, చిగరుగుంట ప్రాంతాలలోనూ గనులు తవ్వారు. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు సీమలనుంచి పొట్ట చేతబట్టుకొని పోయిన కూలీలు, వారిలో అధికులు దళితులు, భూమికి మైళ్ళ లోతున రాయి కొట్టారు. వారి తలమీద దీపం వెలిగినప్పటికి వారి ఊళ్ళలో వీధిదీపం కూడా లేదు. తీగ అటు గనిదాకా వెళ్ళింది. గనికి మనిషిని పంపిన గ్రామందాకా రాలేదు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి.

ఇందులో కుట్ర ఏదో వుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. పెట్టుబడి తన లెక్కను తాను చూసుకొన్నది. బంగారం వెంటనే లాభమిస్తుంది, గనక దానికి తీగ వేయడం గిట్టుబాటు. ఎకరం చెలకకు బావినీరు తోడే రైతుకు తీగ వేస్తే ఆ లెక్క ప్రకారం గిట్టుబాటు కాదు. లెక్క తప్పు కాదు. లెక్క వేసే వర్గం ఎవరన్నదే ప్రశ్న.

2. డీజిల్ పుట్టుక, వేరుశనగ ఇంధనం

రుడోల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు 1890 దశకంలో ఈ ఇంజన్ను రూపొందించాడు. 1897 నాటికి ఆగ్స్‌బర్గ్ నగరంలో అది సక్రమంగా తిరిగింది. సిలిండరులోని గాలిని బాగా అదిమితే గాలి వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి నూనె చిమ్మితే నిప్పురవ్వ అక్కరలేకుండానే అది భగ్గుమంటుంది. సూత్రం ఇంతే. ఆవిరి యంత్రంకంటె ఇది ఇంధనాన్ని ఎంతో పొదుపుగా వాడుకొంటుంది.

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఈ జాతి ఇంజను ఒకటి వేరుశనగ నూనెతో నడిచింది. వేరుశనగే బతుకైన రాయలసీమ పాఠకుడికి ఈ సంగతి కాస్త చేదుగానే తోస్తుంది. మన చేల పంట పారిస్‌లో యంత్రాన్ని తిప్పగలదని తేలిన శతాబ్దంలోనే, మన చేలకు నీరు తోడే యంత్రంకోసం మనం పరదేశపు ముడినూనెకు బాకీ పడ్డాం.

మద్రాసు రాజధానిలో ప్రభుత్వ విద్యుచ్ఛాఖ 1927లో ఏర్పడింది. పైకారా జలవిద్యుత్తు 1932లో, మెట్టూరు 1937లో వచ్చాయి. ఈ తీగలు అందని పట్టణాలలో లైసెన్సు పొందిన చిన్న కంపెనీలు డీజిల్ ఇంజన్లు పెట్టి సాయంత్రంపూట దీపాలు వెలిగించేవి. కచేరీకి, వకీళ్ళ ఇళ్ళకు, బజారు వీధికి, సినిమాహాలుకు కరెంటు. పట్టణపు పొలిమేర దాటితే కిరసనాయిలు బుడ్డి.

అంకెలు చూడండి. 1947 చివరికి దేశమంతటా ప్రజలకు విద్యుత్తును అందించే కేంద్రాల సామర్థ్యం 1362 మెగావాట్లు. అందులో డీజిల్ వాటా 98 మెగావాట్లు. ఐదు లక్షలకు పైబడిన గ్రామాలలో కరెంటు చూసినవి సుమారు 1500. అంతకు ఇరవై ఏడేళ్ళ ముందే, 1920లో, అంతర్యుద్ధంతో చితికిన సోవియట్ రష్యా యావద్దేశానికీ విద్యుదీకరణ ప్రణాళిక తయారుచేసుకొన్నది. దీన్ని పిచ్చికల అన్న పాశ్చాత్య మేధావులు లేకపోలేదు. ఒక దేశం చీకట్లో కూర్చుని తన పల్లెల వెలుగును లెక్క కట్టింది. మనలను ఏలిన ప్రభుత్వం వెలుగులో కూర్చుని మన పల్లెలను లెక్కలోంచి తీసివేసింది.

3. కపిల, ఆయిలింజను, మోటారు

స్వాతంత్ర్యానంతరం పరిస్థితి మారలేదనడం అన్యాయం. 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టం ప్రకారం రాష్ట్రాలలో బోర్డులు ఏర్పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు 1959 ఏప్రిల్ 1న అవతరించింది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చింది. 1970లో సిరిసిల్లలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘం ఏర్పడింది. కుప్పంలోనూ తరువాత అటువంటి సహకార సంఘమే కరెంటు పంచింది. వెనుకబడిన ప్రాంతానికి, తీగ వేస్తే లాభం రాదని తెలిసి కూడా, తీగ వేయాలన్న సూత్రాన్ని ప్రభుత్వం ఒప్పుకొన్నది. ఇది చిన్న విజయం కాదు.

అయితే ఈ మార్పు రైతులోకంలో అందరినీ ఒకేలా తాకలేదు. మొదట కపిల. రెండు ఎద్దులు, ఒక తోలుతిత్తి, ఒక మోకు. బావి లోతును ఎద్దుల ఓపికే నిర్ణయించేది. తరువాత బావిగట్టుమీదికి ఆయిలింజను వచ్చింది. అది డీజిల్‌గారి ఇంజనుకు మనుమడే. దాన్ని కొనగలిగినవాడు బావిని మరికొంత లోతు చేశాడు. కొనలేనివాడి బావిలో నీరు అడుగంటింది. తరువాత కరెంటు మోటారు, ఆపైన బోరు. నీళ్ళకోసం జరిగిన ఈ పరుగుపందెంలో ఎద్దుల రైతు మొదట ఓడాడు. ఇంజను రైతు తరువాత ఓడాడు. ఇవాళ వెయ్యి అడుగుల బోరు వేసి అప్పుల పాలైన రైతూ ఓడుతున్నాడు. మదనపల్లె మార్కెట్టుకు వచ్చే ప్రతి టమాటా బుట్టలోనూ ఈ ఓటముల బరువు కొంత వుంది.

ఇక్కడ ఒక తేడాను గుర్తుంచుకోవాలి. బావిగట్టున ఆయిలింజను పెట్టిన రైతు తన నూనె తానే కొనుక్కొన్నాడు. డబ్బా నూనె ధర పెరిగితే ఆ పెరుగుదల అతని నెత్తిమీదనే పడింది. ఏ చట్టమూ అతనికి పెట్టుబడిమీద రాబడిని హామీ ఇవ్వలేదు. అదే ఇంజను వెయ్యింతలై నగరం పక్కన నిలబడినప్పుడు న్యాయం తిరగబడింది.

4. మూడు దిక్కుల మూడు కేంద్రాలు

1991లో విద్యుదుత్పాదనను ప్రైవేటు పెట్టుబడికి, విదేశీ పెట్టుబడికి తెరిచారు. 1992లో కేంద్ర ప్రభుత్వం ధరల పద్ధతిని ప్రకటించింది. దాని సారాంశం ఇది: ఉత్పత్తిదారుకు చెల్లించే ధరలో రెండు భాగాలు. ఒకటి స్థిర ఛార్జీ. అప్పులమీద వడ్డీ, తరుగుదల, వాటాధనంమీద నూటికి 16 రాబడి అన్నీ అందులోనే. కేంద్రం తన సామర్థ్యంలో నూటికి 68.5 పాళ్ళు పనిచేయడానికి సిద్ధంగా వుంటే చాలు, ఇది ముట్టవలసిందే. రెండవది చర ఛార్జీ. ఇంధనానికి ఎంత అయితే అంత.

బొగ్గు కేంద్రం కట్టడానికి ఐదారేళ్ళు పడుతుంది. డీజిల్ కేంద్రాన్ని రెండేళ్ళలో నిలబెట్టవచ్చు. నగరాలు కోతలతో అల్లాడుతున్నాయి. పారిశ్రామికులు తొందర పెడుతున్నారు. సంవత్సరాల తరబడి ప్రణాళికలో జరిగిన నిర్లక్ష్యాన్ని రెండేళ్ళలో కప్పిపుచ్చుకోవడానికి ప్రభుత్వాలకు దొరికిన సాధనం ఇది.

బేసిన్ బ్రిడ్జి కేంద్రం చరిత్ర ఆసక్తికరమైనది. ఆ స్థలం మద్రాసు నగర విద్యుత్తుకు పాత కాణాచి. ఇంగ్లీషు కంపెనీ హయాంలోనే అక్కడ ఆవిరి కేంద్రం వుండేది. 1947లో అది ప్రభుత్వపరమైంది. అదే ప్రాంతంలో అర్ధశతాబ్దం తరువాత ప్రైవేటు కేంద్రం మళ్ళీ వచ్చింది. శ్రీకాకుళం సీమ రాజాంలో మొదలైన జి.ఎం.ఆర్. సంస్థ, వాసవి పేరు జోడించి దీన్ని నిర్మించింది. తెలుగు పెట్టుబడి ఆ రోజుల్లో రైసుమిల్లులు, జనపనార మిల్లులు దాటి విద్యుత్తులోకి, తరువాత విమానాశ్రయాలలోకి నడిచిన దారిలో ఇదొక ముఖ్యమైన మజిలీ. అందులో బిగించినవి నాలుగు కొరియా యంత్రాలు. ఒక్కొక్కటి 50 మెగావాట్లు. ఒక్కొక్కదానికి పన్నెండు సిలిండర్లు. ఒక్కొక్క సిలిండరు అడ్డకొలత తొంభై సెంటీమీటర్లు. సముద్రంమీద సరుకు ఓడలను నడిపే జాతి ఇంజన్లే నేలమీద కూర్చుని నగరాన్ని నడిపాయన్నమాట. మంచినీటికి కటకటలాడే నగరం గనక, శుద్ధిచేసిన మురుగునీటినే ఈ కేంద్రం వాడుకొన్నది. ఇది మెచ్చుకోదగ్గ ఏర్పాటే. ఇంజనీర్ల ప్రతిభను శంకించవలసిన పని లేదు. శంకించవలసింది ఒప్పందాన్ని.

5. లెక్క

ఇటువంటి కేంద్రంలో ఒక యూనిట్ కరెంటు తీయడానికి స్థూలంగా 200 గ్రాముల నూనె కావాలనుకొందాం. 200 మెగావాట్ల కేంద్రం గంటసేపు నిండుగా పనిచేస్తే రెండు లక్షల యూనిట్లు. దానికి 40 టన్నుల నూనె. రోజంతా నడిస్తే 960 టన్నులు. ఆ కరెంటుతో ఐదు హార్స్‌పవర్ మోటార్లు యాభై వేలకు పైగా తిరుగుతాయి.

కిలో నూనె పది రూపాయలైతే యూనిట్‌లో ఇంధనం ఖర్చు రెండు రూపాయలు. కిలో నలభై అయితే ఎనిమిది రూపాయలు. ఇక ప్రపంచ విపణి చూడండి. 1998లో ముడినూనె పీపా ధర పన్నెండు పదమూడు డాలర్ల దాకా పడిపోయింది. నూనె ఆ విధంగా చవకగా వున్న రోజులలోనే బేసిన్ బ్రిడ్జి కేంద్రం పూర్తయింది. 2008 జూలైలో అదే పీపా 147 డాలర్లకు ఎగబాకింది. పదేళ్ళలో పదింతలకు మించిన పెరుగుదల! ఈ నష్టాన్ని భరించింది ఎవరు? కేంద్రం యజమాని కాదు. ఇంధనం ఖర్చు కొనుగోలుదారుకు బదిలీ అవుతుందని ఒప్పందమే చెబుతోంది. కొనుగోలుదారు ప్రభుత్వ బోర్డు. బోర్డు నష్టం చివరకు ప్రభుత్వ ఖజానామీద, వినియోగదారుల బిల్లుమీద పడింది.

నూనె ఖరీదైనప్పుడు యంత్రాలను ఆపివేయవచ్చు గదా అని అడగవచ్చు. ఆపవచ్చు. కాని స్థిర ఛార్జీ ఆగదు. వాడితే నూనెకు, వాడకపోతే యంత్రానికి, రెండు విధాలా చెల్లింపే. లాభం యజమానిది, జూదంలో పాచిక ప్రజలది. బేసిన్ బ్రిడ్జి కేంద్రం పదిహేనేళ్ళ ఒప్పందం 2014లో ముగిసింది. తరువాత ఆ కేంద్రం మూతపడింది.

యలహంక కేంద్రం ప్రభుత్వ రంగానిదన్న సంగతి విస్మరించకూడదు. అక్కడా నూనె ధర పెరిగితే కరెంటు ధర పెరిగింది. చివరకు ఆ స్థలంలో 370 మెగావాట్ల గ్యాసు కేంద్రానికి చోటు కల్పించారు. కాబట్టి యాజమాన్యం ప్రభుత్వానిదైనంతమాత్రాన అంతా సవ్యమని మనం చంకలు గుద్దుకోనక్కరలేదు. దిగుమతి నూనెకు దేశాన్ని కట్టివేయడం ఒక తప్పు. ఆ తప్పుకు హామీ లాభాన్ని జోడించడం రెండవ తప్పు. మొదటిది ప్రణాళికా వైఫల్యం. రెండవది వర్గ పక్షపాతం. విమర్శకుడు ఈ రెండింటినీ కలగాపులగం చేయరాదు.

6. బషీర్‌బాగ్

అవే సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగింది? 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న నలభై ఏళ్ళ బోర్డును ఉత్పాదన సంస్థగా, సరఫరా సంస్థగా విడగొట్టారు. అదే నెలలో ప్రపంచబ్యాంకు 21 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. 2000లో ఛార్జీలు పెరిగాయి. వామపక్షాలు, ఇతర ప్రతిపక్షాలు, రైతులు, మహిళలు, విద్యార్థులు రాష్ట్రమంతటా కదిలారు. 2000 ఆగస్టు 28న శాసనసభవైపు సాగుతున్న ప్రదర్శనపై హైదరాబాదు బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ఉద్యమకారులు ప్రాణాలు కోల్పోయారు.

ఆనాటి ముఖ్యమంత్రి 1989 నుంచి ఎన్నికవుతూ వస్తున్నది కుప్పం నుంచే. దీన్ని వ్యక్తిదూషణకోసం చెప్పడం లేదు. కరువు సీమ ఓటుతో గద్దెనెక్కినా, రుణదాత షరతు ముందు పాలకుడి చేతులు ఎలా కట్టుబడతాయో చూపడానికి చెబుతున్నాను. ఆ ఉద్యమం వృథా పోలేదు. 2004 మే 14న పదవి చేపట్టిన కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తుమీదనే చేయవలసి వచ్చింది. ఆ సంతకానికి సిరా ఎక్కడిదో బషీర్‌బాగ్ కూడలి చెబుతుంది.

7. ఒక ఆక్షేపణ

'నగరానికి వెలుగు వద్దంటారా? ఆసుపత్రిలో శస్త్రచికిత్స ఆగిపోవాలా? మగ్గం, లేతుయంత్రం ఆగితే కూలిపోయేది కార్మికుడి రోజుకూలి కాదా?' అని మిత్రులు అడుగుతారు. ఇది తోసిపుచ్చవలసిన ప్రశ్న కాదు. కుప్పంనుంచి తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరులో పనికి పోయేవాడు కూడా మనవాడే. బేసిన్ బ్రిడ్జి పొగగొట్టాల నీడలో, వ్యాసర్‌పాడి ఇరుకు ఇళ్ళలో నివసించేదీ శ్రామికులే. కనుక ఇది పల్లెకు, పట్టణానికి మధ్య తగాదా కాదు. అలా చిత్రించడంవల్ల లాభపడేది మూడవవాడు.

మన కోరిక వెలుగును తగ్గించమని కాదు. నూనె లెక్క చూపమని. కరెంటు అందరికీ అవసరమైనప్పుడు దాని నష్టభయాన్ని అందరిమీదా వేసి, దాని లాభాన్ని కొందరికే పంచే హక్కు ఎవరిచ్చారని అడుగుతున్నాం.

8. నేటి కర్తవ్యం

ఇవన్నీ పాతబడిన సంగతులని అనుకోవద్దు. శ్రీశైలం జలాశయం వెనుకనుంచి కృష్ణానీటిని మెట్టుమెట్టుగా ఎత్తిపోసే హంద్రీ-నీవా పథకంలో పుంగనూరు కాలువ, కుప్పం కాలువ భాగాలు. 2025లో ఆ నీరు కుప్పం సీమకు చేరింది. తరతరాల కరువు సీమకు అది పండుగే. కాని ఆ కాలువలో పారేది సగం నీరు, సగం కరెంటు. వందల మీటర్ల ఎత్తుకు నీటిని ఎక్కించే పంపులు కరెంటు లేకపోతే కదలవు. అంచేత కరెంటు ధరను నిర్ణయించే ఒప్పందమే రేపు మన నీటి ధరనూ నిర్ణయిస్తుంది.

నూనె స్థానంలో ఇప్పుడు సూర్యుడు వస్తున్నాడు. సూర్యుడికి పీపా ధర లేదు. ఇంధన ఛార్జీ వుండదు. ఇది నిజమైన ముందడుగు. అయినా ఒప్పందం ఒప్పందమే. 2021లో మన రాష్ట్రం 7000 మెగావాట్ల సౌరవిద్యుత్తును యూనిట్ 2 రూపాయల 49 పైసల ధరకు పాతికేళ్ళపాటు కొనడానికి సంతకం పెట్టింది. పాతికేళ్ళంటే నేడు బడిలో వున్న పిల్లలు తమ పిల్లలను బడికి పంపే కాలం. వారిని అడగకుండానే వారి బిల్లు రాసిపెట్టడం జరిగింది. చవకగా కనిపించిన నూనె పదేళ్ళలో ఏమయిందో చూసినవారు, ఏ ఇంధనం విషయంలోనైనా మూడు ప్రశ్నలు అడగాలి. వాడకపోయినా చెల్లించాలా? ధర పెరిగితే భారం ఎవరిది? ఈ కాగితం ప్రజల భాషలో ప్రజల ముందు పెట్టారా?

విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణలు జరుపుతుంది. రైతు సంఘాలు, కొద్దిమంది నిపుణులు తప్ప అక్కడికి పోయేవారు తక్కువ. అర్థశాస్త్ర అధ్యాపకులు, సాంకేతిక విద్యార్థులు మన పట్టణాలలో ఎంతోమంది వున్నారు. ఒప్పందాలను తెనిగించి, ఊరి రచ్చబండమీద చదివి వినిపించడం వారి చేతిలోని పని. తమ ఊరికి మొదటి తీగ ఎప్పుడు వచ్చింది, ఏ వీధికి ముందు వచ్చింది, ఏ వాడకు ఆఖరున వచ్చింది అని ముసలివారిని అడిగి రాసిపెట్టడం మరొక పని. విద్యుత్ చరిత్ర అంటే ఇంజనీర్ల పేర్లు, మెగావాట్ల పట్టికలు మాత్రమే కాదు. దళితవాడకు తీగ చేరడానికి పట్టిన సంవత్సరాల లెక్క కూడా అందులోనిదే.

పూర్వం దీపంలో నూనె పోసినవారికి, ఆ వెలుగులో కూర్చున్నవారికి మధ్య దూరం ఒక గది మాత్రమే. వంటింట్లో కొలిచి పోసిన నూనె ఎంతో ఇంటిల్లిపాదికీ తెలుసు. నేటి దీపానికీ, నూనెకూ నడుమ వందల కిలోమీటర్ల తీగలు, వందల పుటల ఒప్పందాలు అడ్డం వచ్చాయి. ఆ దూరంలోనే దోపిడీ దాగి వుంది. ఆ పుటలు చదవగలిగినవారు, నెలనెలా బిల్లు చెల్లించేవారు ఒకచోట కూర్చున్ననాడు ఆ దూరం తగ్గుతుంది.